అమ్మకానికి లేని 128 ఎంబీ

పోయిన నెల ఒక రోజు పొద్దున్నే భాయ్ వాళ్ళ అబ్బాయి ఫోన్ చేశాడు. "భయ్యా, అబ్బా పోయారు. జొహర్ నమాజ్ తర్వాత మయ్యత్" అన్నాడు. తర్వాత ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాం. ఆఫీసుకి సెలవు పెట్టి వెళ్ళాను. అక్కడ చాలామంది పాతవాళ్ళు కనిపించారు. జుట్టు తెల్లబడినవాళ్ళు, కళ్ళద్దాలు వచ్చినవాళ్ళు, ఒకప్పుడు స్క్రూడ్రైవర్ల సంచీ భుజాన వేసుకుని నాతోపాటు సిటీ బస్సుల్లో వేలాడినవాళ్ళు. మట్టి వేసి బయటికొచ్చాక ఎవరికీ ఇంటికి పోబుద్ధి కాలేదు. నలుగురం కలిసి పార్క్ లేన్ వైపు నడిచాం.

భాయ్ అంటే సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ)లో, కంప్యూటర్లు అసెంబుల్ చేసి అమ్మిన మనిషి. ఆయన పేరు ఇక్కడ రాయను, ఆయనని పేరు పెట్టి పిలిచినవాళ్ళు కూడా తక్కువే. ఇప్పటి పిల్లలకి తెలియదు కానీ ఒకప్పుడు హైదరాబాద్‌లో కంప్యూటర్ కొనాలంటే అందరూ సీటీసీకి వెళ్ళాల్సిందే. పారడైజ్ దగ్గర బస్సు దిగి నాలుగు అడుగులు వేస్తే వచ్చేసేది. వరంగల్ నుంచి, కర్నూలు నుంచి కూడా జనం వచ్చి క్యాబినెట్టు, మానిటరు అట్టపెట్టెలతో సహా తాళ్ళు కట్టించుకుని బస్సు మీద వేసుకుని పోయేవాళ్ళు. డిగ్రీ అయ్యాక నేను చేరిన మొదటి పని ఆయన దగ్గరే.

నేను ఇప్పుడు రాయాలనుకున్నది ముఖ్యంగా మెమరీ గురించి. ర్యామ్, అంటే పని జరిగేటప్పుడు మిషన్ వాడుకునే మెమరీ, చాలక ఓఎస్ (విండోస్, లినక్స్ లాంటివి) ఇన్‌స్టాలేషన్ మధ్యలో ఆగిపోయే రోజుల గురించి. భాయ్ ఆ పని ఎలా చేసేవాడో ఎక్కడా రాసిపెట్టి లేదు. మేం పోతే అది కూడా పోతుంది.

*

షాపు చాలా చిన్నది. గోడకి ఒక బల్ల, బల్ల మీద ఎప్పుడూ రెండు మూడు మిషన్లు మూతలు తీసి ఉండేవి. వేడెక్కిన దుమ్ము వాసన, కొత్త బోర్డు కవర్ విప్పినప్పుడు వచ్చే ప్లాస్టిక్ వాసన, కింద నుంచి ఇరానీ చాయ్ వాసన. పక్క షాపులో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ బిల్లులు కొడుతూ కీచుమని అరుస్తూనే ఉండేది. మిషన్ ఆన్ చేస్తే ముందు ఫ్యాన్ చప్పుడు, తర్వాత ఫ్లాపీ డ్రైవ్ గర్రుమనడం, తర్వాత నల్లటి తెర మీద మెమరీ లెక్క మొదలయ్యేది. కొన్ని బోర్డుల్లో ఆ లెక్కకి టకటకమని స్పీకర్ కొట్టుకునేది కూడా.

ఆ లెక్క అంటే భాయ్‌కి ప్రాణం. బయాస్‌లో, అంటే మిషన్ ఆన్ కాగానే ముందుగా నడిచే బోర్డు ప్రోగ్రాములో, ఆ లెక్కని తొందరగా ముగించే ఆప్షన్ ఒకటి ఉండేది, అందరూ దాన్ని ఆన్ చేసి పెట్టేవాళ్ళు. భాయ్ మాత్రం ఆఫ్ చేయించేవాడు. ఆఫ్ చేస్తే అవార్డ్ బయాస్ మొత్తం మెమరీని మూడుసార్లు లెక్కపెట్టేది, కస్టమర్లకి అది విసుగు. "లెక్కపెట్టనీ తమ్మీ, ఆయన పైసలు ఇచ్చింది దానికే, కళ్ళారా చూసుకోనీ" అనేవాడు. కస్టమర్‌ని పక్కన కూర్చోబెట్టి, ఆ అంకెలు పైకి పోతుంటే వేలు పెట్టి చూపించి, ఆగిన అంకె బిల్లు మీద రాసి ఇచ్చేవాడు. ఇలా చేసిన షాపు ఇంకోటి నేను చూడలేదు.

ర్యామ్ అప్పుడు మామూలు వస్తువు కాదు. పొద్దున ఒక రేటు, సాయంత్రం ఇంకో రేటు. కస్టమర్‌కి కొటేషన్ ఇచ్చేటప్పుడు ర్యామ్ దగ్గర మాత్రం పెన్సిల్‌తో రాసేవాళ్ళం. 1999 సెప్టెంబర్ 21న తైవాన్‌లో పెద్ద భూకంపం వచ్చింది, అక్కడి చిప్ ఫ్యాక్టరీలు కరెంటు లేక ఆగిపోయాయి, ప్రపంచమంతా ర్యామ్ రేట్లు ఒక్కసారిగా ఎగిశాయి. ఆ దెబ్బ పార్క్ లేన్ దాకా వచ్చింది. అడ్వాన్సు ఇచ్చి ఉన్న కస్టమర్లు ఉన్నారు, పాత రేటుకి సరుకు దొరకదు. భాయ్ కొందరికి చేతి నుంచి డబ్బులు వేసుకుని ఇచ్చాడు. కొందరికి "ఇప్పుడు 32 ఎంబీ పెడతా, రేటు దిగినాక ఇంకో 32 నేనే వచ్చి పెడతా" అని చెప్పి, చెప్పినట్టే తర్వాత వెళ్ళి పెట్టి వచ్చాడు. ఆ 32లు పట్టుకుని మలక్‌పేట, మౌలాలి, కూకట్‌పల్లి తిరిగిందంతా మేమే కాబట్టి నాకు బాగా గుర్తు.

*

విండోస్ 98 వేసేటప్పుడు మెమరీ గొడవ వేరే రకంగా ఉండేది. దానికి కనీసం 16 ఎంబీ కావాలి, 24 ఉంటే నయం అని డబ్బా మీదే ఉండేది. మిషన్‌లో 32 ఉన్నా సెటప్ మొదలుపెట్టగానే మెమరీ చాలదు అనేది ఒక్కోసారి. కొత్తగా చేరిన కుర్రాళ్ళు ర్యామ్ మార్చి చూసేవాళ్ళు, సీడీ మార్చి చూసేవాళ్ళు. అసలు సంగతి ఏంటంటే డాస్ (విండోస్ కంటే ముందటి పాత ఓఎస్, సెటప్ మొదలయ్యేది దాని మీదే) కింద ప్రోగ్రాములు నడిచే చోటు మొదటి 640 కేబీ మాత్రమే. సీడీ డ్రైవ్‌ని నడిపే చిన్న ప్రోగ్రాము, అంటే డ్రైవర్, అందులోనే, మౌస్ డ్రైవర్ అందులోనే, సౌండ్ కార్డు వాళ్ళు ఇచ్చిన డ్రైవర్ కూడా అందులోనే కూర్చునేది. పైన మెగాబైట్లు ఖాళీగా ఉన్నా కింద చోటు లేదు.

భాయ్ మాకు నేర్పింది ఒక్కటే, ముందు ఎవరెవరు లోపల కూర్చున్నారో చూడు. మెమ్ అని కొట్టి పక్కన స్లాష్ సీ పెడితే జాబితా వచ్చేది, ఏది ఎంత తింటోందో వరసగా. అక్కర్లేనిది తీసేయడం, కావాల్సినదాన్ని పై మెమరీకి జరపడం. కాన్ఫిగ్ డాట్ సిస్ ఫైల్‌లో రెండు మూడు లైన్లు సర్దితే అదే మిషన్, అదే ర్యామ్, సెటప్ సాఫీగా పోయేది. ఆ ఫైల్ సర్దడంలో మా షాపు పిల్లలకి పేరుండేది. పక్క షాపులవాళ్ళు కూడా వచ్చి అడిగేవాళ్ళు, భాయ్ పంపించేవాడు, పైసా తీసుకోనిచ్చేవాడు కాదు.

దీనికి పూర్తిగా తిరగబడిన సంగతి కూడా ఒకటి చూశాం. పెళ్ళి ఆల్బమ్‌లు చేసే ఒక ఫోటో స్టూడియో ఆయన, ఫోటోలు తెరుచుకోవడం ఆలస్యమవుతోందని రేట్లు బాగా తగ్గిన కాలంలో మిషన్ నిండా ర్యామ్ పెట్టించుకున్నాడు. పెట్టగానే విండోస్ 98 తెరుచుకోవడం మానేసింది. తెర మీద వచ్చింది మాత్రం మెమరీ చాలదు అని. ఆయన షాపులో తల పట్టుకుని కూర్చున్నాడు, ఇంత డబ్బు పోసి పెట్టించుకుంటే చాలదంటుందేంటని. విండోస్ 98లో 512 ఎంబీ దాటితే ఈ చిక్కు ఉంది. డిస్క్ నుంచి చదివింది దాచుకునే క్యాష్, ఉన్న ర్యామ్‌ని బట్టి తన సైజు తానే పెంచుకుంటూ పోయి, మిగతావాటికి అడ్రస్‌లు లేకుండా చేసేస్తుంది. సిస్టమ్ డాట్ ఐఎన్ఐ ఫైల్‌లో వీక్యాష్ అనే చోట దానికి ఒక హద్దు రాసిపెడితే అంతా మామూలే. భాయ్ ఆ లైను రాసి, మిషన్ తెరుచుకున్నాక ఆయన్ని దగ్గరికి పిలిచి ఏం రాశాడో, ఎందుకు రాశాడో చెప్పాడు. ఎవరికైనా సరే, చేసిన పని చెప్పకుండా మూత బిగించేవాడు కాదు.

*

ఇప్పుడు ఆ 128 గురించి.

భాయ్ దగ్గర ఒక ర్యామ్ ఉండేది. ఎస్‌డీ ర్యామ్, 128 ఎంబీ, రెండు వైపులా ఎనిమిదేసి చిప్పులు. పాత కళ్ళజోడు డబ్బాలో, మెరిసే యాంటీ స్టాటిక్ కవరు ముక్కలో చుట్టి, గల్లాపెట్టె లోపల పెట్టేవాడు. ఒక మూల ఎర్ర చుక్క ఉండేది, వాళ్ళమ్మాయి గోళ్ళరంగుతో పెట్టింది, ఎవరి సరుకులోనైనా కలిసిపోయినా గుర్తుపట్టడానికి. అది అమ్మకానికి కాదు. రేట్లు ఆకాశంలో ఉన్నప్పుడు ఎంతమంది అడిగారో, ఇవ్వలేదు. అది ఇన్‌స్టాలేషన్ల కోసం మాత్రమే. ఎవరు ఓఎస్ వేయడానికి వెళ్ళినా, కష్టమైన మిషన్ అనిపిస్తే ఆ డబ్బా జేబులో పెట్టుకుని వెళ్ళడం, పని అయ్యాక తీసి తెచ్చి రాత్రికి ఆయన చేతికి ఇవ్వడం.

రెండు వైపులా చిప్పులున్నదే ఎందుకు దాచాడంటే, ఒక వైపే ఎనిమిది పెద్ద చిప్పులున్న 128ని కొన్ని పాత బోర్డులు సగమే గుర్తుపట్టేవి, 64 అని చూపించేవి. ఇది ఏ బోర్డులో పెట్టినా పూర్తిగా లెక్కకొచ్చేది. దాన్ని ఏరడానికి ఆయన షాపులన్నీ తిరిగాడని సీనియర్లు చెప్పేవాళ్ళు.

ఇన్‌స్టాల్ చేయడానికి అంత మెమరీ, వాడుకోవడానికి మాత్రం తక్కువ, ఇదెలా కుదురుతుంది అని నేను చేరిన కొత్తలో అడిగాను. భాయ్ అన్నాడు: "ఇల్లు కట్టేటప్పుడు చూడు బేటా. ఇసుక పోయాలె, కంకర పోయాలె, సెంట్రింగ్ కర్రలకి జాగా కావాలె, మేస్త్రీలు తిరగాలె. కట్టినాక అదే జాగాలో ముగ్గురు హాయిగా ఉంటరు." ఆ తర్వాత ఎన్ని పుస్తకాలు చదివినా ఇంతకంటే బాగా చెప్పింది నాకు దొరకలేదు. లినక్స్ ఇన్‌స్టాలర్ సంగతి అచ్చంగా అదే. హార్డ్ డిస్క్ ఇంకా సిద్ధం కాలేదు కాబట్టి ఇన్‌స్టాలర్ తన సామానులో చాలా భాగాన్ని ర్యామ్‌లోనే పెట్టుకోవాలి. దాని మీద బొమ్మల తెర. దాని మీద, వేయాల్సిన ప్యాకేజీల (ఒక్కో ప్రోగ్రాము మూటల) జాబితా అంతా చదివి ఏది దేని మీద ఆధారపడిందో లెక్క తేల్చుకోవడం. ఎన్ని ప్యాకేజీలు టిక్కు పెడితే అంత మెమరీ. ఇదంతా అయ్యి రీబూట్ చేశాక అదే మిషన్ సగం మెమరీతో కూడా నడుస్తుంది.

*

అమీర్‌పేట అప్పుడు ఎలా ఉండేదో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్, గోడ కనపడకుండా బ్యానర్లు, రోడ్డు మీద నడుస్తుంటే చేతిలో పాంప్లెట్లు పెట్టే కుర్రాళ్ళు. జావా, ఒరాకిల్, ఆ తర్వాత లినక్స్. అందులో ఒక చిన్న ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు మా దగ్గర పది మిషన్లు కొన్నారు. బడ్జెట్ తక్కువ, ఒక్కోదానికి 64 ఎంబీ, డిస్‌ప్లే బోర్డు మీదే. తెల్లవారితే కొత్త బ్యాచ్, రెడ్ హ్యాట్ లినక్స్ 9 ఉండాలి. మూడు సీడీలు. ఆ ఓఎస్ 2003లో వచ్చింది, దాని పుస్తకంలో స్పష్టంగానే రాసి ఉంది, టెక్స్ట్ పద్ధతిలో వేయడానికి కనీసం 64 ఎంబీ, బొమ్మల తెరతో అయితే 128, బాగుండాలంటే 192.

నేను వెళ్ళేసరికి అక్కడి ల్యాబ్ సార్ పొద్దున నుంచి తంటాలు పడుతున్నాడు. పిల్లలకి అన్నీ ఉండాలని అన్ని ప్యాకేజీలూ టిక్కు పెట్టాడు, అలా అన్నీ వేస్తే డిస్క్ మీద 5 జీబీ దాకా పడుతుంది. స్వాప్‌కి, అంటే ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ భాగానికి, మాత్రం కొంచెమే ఇచ్చాడు, డిస్క్ వృథా ఎందుకని. ప్యాకేజీలు ఎక్కుతున్నట్టే ఉంటుంది, మధ్యలో బార్ ఆగిపోతుంది, సీడీ లైటు కూడా ఆరిపోతుంది. ఆయన సీడీలు పాడయ్యాయనుకున్నాడు. మనిషి చెమటతో తడిసిపోయి ఉన్నాడు, ఓనర్ గంటగంటకీ వచ్చి తొంగిచూసి పోతున్నాడు, అందరికీ ఒకటే టెన్షన్.

128 ఆ సాయంత్రం వేరే కుర్రాడి దగ్గర ఉంది, ఉప్పల్ వైపు ఎక్కడో. షాపుకి ఫోన్ చేశాను. భాయ్ ఇంకేమీ అడగలేదు, "ఎన్ని చూపిస్తుంది? చదువు" అన్నాడు. రీస్టార్ట్ చేసి చూసి చదివాను, 57344 కేబీ.

"64 అంటే 65536 రావాలె. 8192 తక్కువున్నది. ఎనిమిది ఎంబీ ఎవరు తిన్నరు?"

అప్పుడు వెలిగింది. డిస్‌ప్లే బోర్డు మీదే ఉన్న మిషన్లలో దానికి సొంత మెమరీ ఉండదు, మెయిన్ ర్యామ్‌లోంచే కొంత తీసుకుంటుంది. కొన్న 64లో ఓఎస్‌కి అందేది 56. ఇన్‌స్టాలర్ అడిగే కనీసం కూడా లేదన్నమాట. నేను ఫోన్ పెట్టేసిన కాసేపటికి భాయ్ స్కూటర్ మీద బేగంపేట మీదుగా వచ్చేశాడు, చొక్కా జేబులో చిన్న నటరాజ్ రబ్బరు, చేతిలో టిఫిన్ బాక్సు. ఇంట్లో భాభీ మాకోసం ఖిచిడీ, ఖీమా పంపింది.

ఆ రాత్రి ఆయన చేసినదంతా నాకు వరసగా గుర్తుంది. ముందు ల్యాబ్ సార్‌ని కుర్చీలో కూర్చోబెట్టి నీళ్ళు తాగించాడు. తర్వాత ఆగిపోయి ఉన్న మిషన్ దగ్గరికి వెళ్ళి ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కాడు. నీలం తెర పోయి నల్ల తెర వచ్చింది, కెర్నల్, అంటే ఓఎస్ గుండెకాయ, తనలో తాను రాసుకునే మాటలు. చివరి వరసలో ఔట్ ఆఫ్ మెమరీ అని ఉంది, పక్కనే ఏ ప్రాసెస్‌ని చంపిందో దాని నంబరు. మెమరీ పూర్తిగా అయిపోయినప్పుడు లినక్స్ కెర్నల్ నడుస్తున్నవాటిలో ఒకదాన్ని తానే ఎంచుకుని ఆపేస్తుంది. ఎక్కువ మెమరీ పట్టుకుని ఉన్నదాని మీదే సాధారణంగా వేటు పడుతుంది. ఆ సమయానికి ఎక్కువ పట్టుకుని ఉండేది ఇన్‌స్టాలరే. "చూడండి సార్, మీ సీడీలు మంచిగున్నయ్" అన్నాడు భాయ్. ఆ మాటతో ల్యాబ్ సార్ ముఖంలోకి రక్తం వచ్చింది, నేను కళ్ళారా చూశాను.

తర్వాత బయాస్‌లోకి వెళ్ళి డిస్‌ప్లేకి ఇచ్చిన ఎనిమిదిని రెండుకి దించాడు. రీస్టార్ట్ చేస్తే లెక్క 63488 దగ్గర ఆగింది. ఒక మిషన్‌లో అసలు లెక్కే రాలేదు, పొడుగ్గా బీప్ కొడుతూ పోయింది. ర్యామ్ ఊడదీసి, బంగారు రంగు పళ్ళ మీద రబ్బరుతో నెమ్మదిగా, ఒకే దిక్కుగా, పై నుంచి కిందికి రుద్దాడు. నూట అరవై ఎనిమిది పళ్ళు, వైపుకి ఎనభై నాలుగు. రబ్బరు పొడి ఊదకూడదు, నోటి తడి పడుతుంది, మెత్తటి బ్రష్‌తోనే తీయాలి. ట్యూబ్‌లైట్ కింద పెట్టి ఓరగా చూసి, మళ్ళీ రుద్ది, రెండు పక్కల క్లిప్పులు ఒకేసారి టక్కుమనేలా నొక్కాడు. బీప్ ఆగిపోయింది.

బూట్ దగ్గర లినక్స్ టెక్స్ట్ అని కొట్టించి, డిస్క్ భాగాలు చేసేటప్పుడు ముందు స్వాప్ పెద్దదిగా పెట్టించాడు, ర్యామ్‌కి రెట్టింపు కంటే ఎక్కువే. అక్కడ ఇన్‌స్టాలర్ ఒక ప్రశ్న అడుగుతుంది: మెమరీ తక్కువగా ఉంది, స్వాప్ ఇప్పుడే వాడుకోవాలి, దానికోసం డిస్క్ మీద ఇప్పుడే రాసేయాలి, సరేనా అని. మామూలుగా చివరిదాకా డిస్క్ ముట్టుకోదు, వద్దనుకుంటే వెనక్కి పోవచ్చు. ఈ ప్రశ్నకి సరే అంటే ఇక వెనక్కి లేదు. ల్యాబ్ సార్ చేయి ఆగిపోయింది. భాయ్ ఆయన్నే నొక్కమన్నాడు. "లోపల ఏముందో మీకు తెలుసు కదా సార్, ఖాళీ డిస్కు. ధైర్యంగా కొట్టండి." ప్యాకేజీల దగ్గర క్లాసుకి కావాల్సినవి మాత్రమే పెట్టించాడు. మరీ అవసరమైనవే వేస్తే ఆ ఓఎస్ 475 ఎంబీలో ఇమిడిపోతుందని పుస్తకంలోనే ఉంది. మిగతావి తర్వాత ఒక్కొక్కటిగా వేసుకోవచ్చు, అప్పుడు మెమరీ అంతగా అడగదు.

బార్ ఆగకుండా పోయింది. హార్డ్ డిస్క్ మాత్రం కరకరమంటూనే ఉంది, ర్యామ్‌లో పట్టనిదంతా స్వాప్‌లోకి పోయి వస్తుంటే వచ్చే ఆ శబ్దం. ఎస్ఎస్‌డీలు వచ్చాక అది వినపడడమే మానేసింది. అప్పట్లో మేం తెర చూడకుండానే ఆ చప్పుడు విని చెప్పేవాళ్ళం, ఇది చదువుతున్న చప్పుడు, ఇది స్వాప్‌లో కొట్టుకుంటున్న చప్పుడు, ఇది చచ్చిపోబోతున్న డిస్క్ అని. అర్ధరాత్రి దాటాక ఉప్పల్ వెళ్ళిన కుర్రాడు కూడా 128 పట్టుకుని వచ్చేశాడు. మిగిలిన మిషన్లలో రెండో స్లాట్‌లో అది పెట్టి, వేయడం, తీయడం, పక్క మిషన్‌లో పెట్టడం. తెల్లారేసరికి పదీ లేచాయి. ల్యాబ్ సార్ చౌరస్తా బండి దగ్గర మా అందరికీ ఇడ్లీలు తినిపించాడు, భాయ్ వద్దంటున్నా డబ్బులు ఆయనే ఇచ్చాడు.

*

ఇళ్ళకి వెళ్ళి విండోస్ ఎక్స్‌పీ వేసిన రోజులు కూడా చెప్పాలి. 2001 చివర్లో వచ్చింది అది. కనీసం 64, అసలు కావాల్సింది 128. సెటప్ నడుస్తుంటే ఎడమ పక్కన ఇంకా 39 నిమిషాలు అని చూపించేది, 64 ఉన్న మిషన్‌లో ఆ 39 అంకె గంటల తరబడి కదిలేది కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇల్లు, తండ్రి ప్రభుత్వ ఉద్యోగి, అబ్బాయి ఇంజనీరింగ్‌లో చేరాడని పీఎఫ్ లోన్ పెట్టి కొన్న కంప్యూటర్. దాని మీద అమ్మ కుట్టిన పూల గుడ్డ కప్పి ఉండేది, బొట్టు కూడా పెట్టారు. ఆ 39 దగ్గర ఆగినప్పుడల్లా ఆయన వచ్చి "బాబూ, పాడవలేదు కదా" అని అడిగేవాడు. ఆమె ఉప్మా పెట్టింది, తర్వాత టీ, తర్వాత భోజనమే పెట్టేసింది. ఆ ఇంట్లో నేను 128 పెట్టి ముగించి, దాన్ని తీసేటప్పుడు ఆ అబ్బాయి చూశాడు. "అన్నా, అది ఉంచేయొచ్చు కదా" అన్నాడు మెల్లగా. వచ్చి భాయ్‌కి చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. వారం తిరక్కుండా షాపులో మిగిలిన ఒక 64 ఇచ్చి పంపాడు, డబ్బులు అడగొద్దని. ఆ అబ్బాయి ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. ఆ ఇంటి పూల గుడ్డ మాత్రం ఇప్పటికీ కళ్ళముందు ఉంది.

కరెంటు పోవడం సంగతి చెప్పక్కర్లేదు. యూపీఎస్ కీకీమంటుంటే ఫైల్ కాపీ అయిపోవాలని అందరం తెర వైపు చూస్తూ నిలబడడం, ఆ కాలంలో ఈ పని చేసిన ఎవరికైనా అనుభవమే.

*

భాయ్ దగ్గర ఒక పొడుగు రిజిస్టర్ ఉండేది. అట్ట చిరిగిపోతే ఆయనే క్యాలెండర్ కాగితం అతికించాడు. షాపు నుంచి బయటికి పోయిన ప్రతి మిషన్ అందులో ఉండేది. బోర్డు మోడల్, ర్యామ్ ఎంత, డిస్‌ప్లేకి ఎంత పోయింది, ఆన్ చేస్తే తెర మీద ఎంత వచ్చింది, ఏ ఓఎస్ వేశాం, చాలిందా లేదా, చాలకపోతే ఏం చేశాం. మోడల్ పేర్లు ఇంగ్లీషులో ఎడమ నుంచి, ఆయన మాటలు ఉర్దూలో కుడి నుంచి, రెండూ పేజీ మధ్యలో కలిసేవి. పీసీ క్వెస్ట్ పత్రికతో వచ్చే లినక్స్ సీడీలు కూడా ఒక్కొక్కటీ పాత మిషన్‌లో వేసి చూసి అందులో రాసేవాడు, ఎవరూ అడగకపోయినా. ఏ బోర్డులో ఏ సెట్టింగ్ ఎక్కడ దాగి ఉంటుందో మాకు ఫోన్‌లో ఆ రిజిస్టర్ చూసే చెప్పేవాడు. కంపెనీల మాన్యువల్స్‌లో లేని సంగతులు చాలా ఉండేవి అందులో.

ఆయనతో నేను చివరిసారి మాట్లాడింది కూడా దీని గురించే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది కదా, మా అక్క కొడుకు తన పాత లాప్‌టాప్‌లో లినక్స్ వేద్దామని పెన్‌డ్రైవ్ పెట్టాడు. 2 జీబీ ర్యామ్. "మామయ్యా, ప్రతిసారీ సగంలో బిగుసుకుపోతోంది, పెన్‌డ్రైవ్ మార్చినా అంతే" అని ఫోన్ చేశాడు. అడిగితే తెలిసింది, పెన్‌డ్రైవ్ మీద లైవ్‌గా (ఓఎస్‌ని డిస్క్‌లో వేయకుండానే) నడుపుతూనే ఇన్‌స్టాల్ చేస్తున్నాడు, ఆ మధ్యలో బ్రౌజర్ తెరిచి వీడియో చూస్తూ అందులో చెప్పినట్టు చేస్తున్నాడు. లైవ్‌గా నడిచేటప్పుడు కొత్తగా రాసే ఫైళ్ళన్నీ ర్యామ్‌లోనే పడతాయి, పైన బ్రౌజర్, స్వాప్ లేదు. బ్రౌజర్ మూసేయించి, వీడియో ఫోన్‌లో చూడమని, ముందు స్వాప్ పెట్టించి, తేలికైన డెస్క్‌టాప్ ఉన్నది వేయించాను. అయిపోయింది. ఆ సంతోషంలో భాయ్‌కి ఫోన్ చేసి చెప్పాను. అప్పటికే ఆయనకి ఒంట్లో బాగాలేదు, మాట సన్నగా వస్తోంది. నేను విషయం ఎత్తగానే ఆయన అడిగింది, "ఎన్ని చూపిస్తుంది?" అనే. 2 జీబీలో డిస్‌ప్లేకి పోగా ఎంత మిగిలిందో పిల్లాడిని అడిగి మళ్ళీ ఫోన్ చేసి చెప్పాను. "రాసిపెట్టు" అన్నాడు.

మయ్యత్ రోజు మేం నలుగురం సీటీసీలో పైకెక్కి చూశాం. ఆ షాపులో ఇప్పుడు సీసీటీవీ కెమెరాలు అమ్ముతున్నారు. కొత్త కుర్రాడు మర్యాదగా కూర్చోమన్నాడు, ఆయనెవరో అతనికి తెలియదు. ర్యామ్ రేట్లు మళ్ళీ పెరిగాయని, పొద్దున చెప్పింది సాయంత్రానికి ఉండట్లేదని అతనే అన్నాడు. మేం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం.

128 దొరికింది. భాయ్ వాళ్ళ అమ్మాయి దగ్గర ఉంది, కళ్ళజోడు డబ్బాతో సహా, ఎర్ర చుక్కతో సహా. రిజిస్టర్ మాత్రం ఇంట్లో ఎక్కడా లేదు. షాపు ఖాళీ చేసేటప్పుడు ఎవరో "నేను జాగ్రత్తగా దాస్తా భాయ్" అని తీసుకెళ్ళారని వాళ్ళబ్బాయికి గుర్తుంది, ఎవరో గుర్తులేదు. అక్కడ పనిచేసినవాళ్ళు, పక్క షాపులవాళ్ళు, ఆ రాత్రి అమీర్‌పేట ల్యాబ్‌లో ఉన్న సార్, ఎవరైనా ఇది చదువుతుంటే, మీ దగ్గర గానీ మీకు తెలిసినవాళ్ళ దగ్గర గానీ క్యాలెండర్ అట్ట వేసిన పొడుగు రిజిస్టర్ ఉంటే నాకు చెప్పండి. తీసుకుపోను. పేజీలు ఫోటో తీసుకుని తిరిగి ఇచ్చేస్తాను. ఉర్దూ చదివి పెట్టడానికి వాళ్ళబ్బాయి సిద్ధంగా ఉన్నాడు.